మా ఇంటి దండాల స్వామి

పోయిన నెల మా ఊళ్ళో కోటయ్యగారి మునిమనవడికి పంచెల ఫంక్షన్ చేస్తుంటే పిలిచారు, వెళ్ళాను. కోటయ్యగారంటే మా తాతయ్యకు ఒకప్పటి ప్రత్యర్థి. ఇప్పుడు ఇద్దరూ లేరు, పోటీ కూడా లేదు, పిలుపులు మాత్రం మిగిలాయి. గురజాలలో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఊరి మొదట్లోనే పెద్ద ఫ్లెక్సీ. పంచె కట్టుకోబోయే పిల్లవాడి మొహాన్ని తీసుకెళ్ళి ఎవరో పురాణ వీరుడి ఒంటికి అతికించారు. బంగారు కవచం, భుజాన గద, అటొక సింహం, ఇటొక సింహం, వెనక మెరుపులు. జబ్బలు రోకటి బండల్లా ఉన్నాయి. వాటి పైన, కళ్ళజోడు పెట్టుకుని, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు బిక్కమొహం వేసుకుని పిల్లవాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఏందమ్మా అంత నవ్వుతున్నారు?" అన్నాడు. "ఆ గద ఎత్తాలంటే వాడింకా చాలా అన్నం తినాలి నాయనా" అన్నాను. "గద దాకా ఎందుకమ్మా, వాడి బడి సంచే వాళ్ళమ్మ మోస్తది" అన్నాడతను.

ఆ బొమ్మతో నాకు మా ఇంటి బొమ్మల పుస్తకం గుర్తొచ్చింది. దానికి అసలు పేరేదో ఉండే ఉంటుంది గాని, అట్టతో సహా మొదటి పేజీలు నేను పుట్టకముందే పోయాయి. మా తాతయ్య వాళ్ళ నాన్న పడుచువాడిగా ఉన్నప్పుడు, గుంటూరు వైపు నుంచి పెట్టె నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతూ వచ్చిన పుస్తకాలాయన దగ్గర కొన్నాడట. దేవుళ్ళూ, వీరులూ, రాక్షసులూ, రాణులూ రంగురంగుల్లో ఉన్న పెద్ద పుస్తకం. మా ముత్తాత ఒకటి కొన్నాడని తెలిసి, అదే పొద్దు ఎదురు వీధిలోని కోటయ్యగారి తండ్రి కూడా అదే పుస్తకం ఇంకొకటి కొన్నాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. ఇంటికి తీసుకెళ్ళి పట్టుబట్టలో చుట్టి, భోషాణం పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇక తీయలేదు. మా ఇంట్లో దాన్ని తీయని రోజు లేదు. అందుకని వాళ్ళది కొత్తదిలాగే ఉండిపోయింది, మాది చింకి పాతై పోయింది.

పుస్తకం చూడటానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, బయట నాపరాళ్ళు కాలిపోతూ కోళ్ళు కూడా చూరు కింద చేరిన వేళ, తాతయ్య చేతులు కడుక్కుని, తుండుతో ఒకటికి రెండుసార్లు తుడుచుకుని, అటక మీంచి చెక్కపెట్టె దింపించేవాడు. మూత తీయగానే ఎండిన వేపాకూ, కర్పూరమూ, పాత బంకా కలిసిన వాసన వచ్చేది. దాని మీద తాతయ్య చుట్ట వాసన. ఇప్పటికీ నాకు పురాణం అంటే ఆ వాసనే. పిల్లలం చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోవాలి. పేజీ తిప్పే అధికారం తాతయ్యకే. ఆయన వేలు తడి చేసుకోకుండా, అరచేత్తో పేజీని పక్క నుంచి లేపి, నిద్రపోతున్న పసిపిల్లను అటు తిప్పి పడుకోబెట్టినట్టు తిప్పేవాడు. ఒక్కో బొమ్మకు ఒక్కో కథ. అదే బొమ్మకు ఇంకో రోజు ఇంకో కథ. "మొన్న ఈయన యుద్ధానికి పోతున్నాడన్నావుగా తాతయ్యా?" అంటే, "మొన్న పోయాడు, ఇయ్యాల తిరిగొస్తన్నాడు" అనేవాడు.

బొమ్మలు గీసినాయన ఎవరో తెలియదు. తెల్లవాళ్ళ బొమ్మలు బాగా చూసినవాడని మాత్రం ఇప్పుడు అర్థమవుతుంది. మన వీరులందరికీ ఉంగరాల జుట్టు, గులాబి బుగ్గలు. భుజాల మీది ఉత్తరీయం గాలికి ఎగిరిపోతూ ఉంటుంది, పక్కనున్న చెట్టు మీద ఆకు కూడా కదలదు. మా పల్నాటి పిల్లలకు అడవి అంటే తుమ్మలూ, రేగుకంపలూ, బండరాళ్ళూ. ఆ పుస్తకంలో అడవి నిండా మంచు కొండలు, సూదుల్లా మొనదేలిన చెట్లు, కొలనులో బాతుల్లాంటి హంసలు. సింహాన్ని ఆయన ఎన్నడూ చూసినట్టు లేదు. దానికి మనిషి మొహం ఉండేది, అదీ రాత్రి సరిగా నిద్ర పట్టని మనిషి మొహం. అచ్చులో రంగులు కొంచెం జరిగి, ఒక రాణిగారి పెదాల ఎరుపు గడ్డం మీద పడింది. ఆమె తాంబూలం ఎక్కువ వేసుకుందని మేం అనుకునేవాళ్ళం. యుద్ధం బొమ్మలో గుర్రానికి కాళ్ళు ఎక్కువయ్యాయని మా బాబాయి, రథం వెనక ఇంకో గుర్రం ఉందని తాతయ్య, ఎప్పుడూ వాదించుకునేవాళ్ళు. ఆ వెనక గుర్రం తల ఏదంటే తాతయ్య పేజీ తిప్పేసేవాడు.

అసలు ఏ బొమ్మ ఎవరిదో మాకెవరికీ రూఢిగా తెలియదు. తెలియకపోవటానికి కారణం మా మేనత్త సీతమ్మ. ఆ పుస్తకంలో ప్రతి బొమ్మ మీదా ఉల్లిపొర లాంటి పల్చని కాగితం ఒకటి ఉండేదట. బొమ్మలో ఉన్నదెవరో, ఏం జరుగుతోందో ఆ కాగితం మీద ఎర్ర అక్షరాలతో అచ్చువేశారట. బొమ్మ చూసి కథ అల్లటమే గాని, ఆ అచ్చు చదివే ఓపిక తాతయ్యకు ఎన్నడూ లేదు. మా అత్తకు కుట్లు అల్లికల పిచ్చి. ఆ కాగితాలు అడుగున ఉన్న గీత పైకి కనపడేంత పల్చగా ఉన్నాయని కనిపెట్టి, ఒక్కొక్కటే చించుకుని, పెన్సిల్‌తో హంసలూ, లతలూ దించుకుని, దిండు గలేబుల మీద కుట్టేసింది. తాతయ్యకు తెలిసేసరికి పుస్తకంలో ఒక్క పొర కాగితం కూడా లేదు, ఇంట్లో ప్రతి దిండు మీదా హంస ఉంది. "నీ అత్తగారింటికి నిన్ను పంపించేటప్పుడు ఆ గలేబులు కూడా పంపిస్తా, ఒక్కటి కూడా నా కంటబడగూడదు" అన్నాడట. అన్నట్టే పంపించాడు.

ఇక మా నాయనమ్మ సంగతి. ఆవిడ పేరు మాణిక్యమ్మ. చదువు రాదు. పొలం లెక్కా, మనుషుల లెక్కా ఆవిడ నోటిమీదే ఉండేది. ఆ పుస్తకంలో ఒకే ఒక్క బొమ్మంటే ఆవిడకు ప్రాణం. కండలు తిరిగిన ఒక మహానుభావుడు, గుబురు మీసాలతో, ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ జోడించి ఉంటాడు. కిరీటం తీసి పక్కన రాతి మీద పెట్టాడు. గద చెట్టుకు ఆనించాడు. మొహం నిండా వెలుగు. నాయనమ్మ అనేది, "మిగతా దేవుళ్ళందరూ మన చేత దండం పెట్టించుకునేవాళ్ళే. ఈయనొక్కడే మనకి ఎదురు దండం పెడతాడు. ఎంత మర్యాదస్తుడో చూడండి." అట్లా ఆయనకు మా ఇంట్లో దండాల స్వామి అని పేరొచ్చింది.

ఆ బొమ్మ పై భాగం బాగా చెడిపోయి ఉండేది. ఎప్పుడో ఇల్లు కారి, వాన నీళ్ళు పడి, పసుపుపచ్చ మరకైంది. మబ్బులో ఏదో ఉన్నట్టూ లేనట్టూ కనపడేది. కుట్టు వదిలి ఆ పేజీ ఒక రోజు ఊడిపోయింది. దానంతట అదే ఊడిందని నాయనమ్మ, ఊడదీసిందని తాతయ్య. ఏదైతేనేం, నాయనమ్మ దాన్ని చీర కొంగులో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, గురజాలలో పటాలు కట్టే మస్తాన్ సాయిబు కొట్టుకు తీసుకెళ్ళింది. ఆయన కొలత చూసి, "అమ్మా, ఇంత అద్దం నా కాడ లేదు. తెప్పియ్యాలంటే పండగ దాటిపోద్ది. పైన ఎట్టాగూ మరకేగా, మబ్బులేగా, కొంచెం తగ్గిస్తే ఈ అద్దానికి సరిపోద్ది" అన్నాడు. "మబ్బులేగా, తీసెయ్ నాయనా. స్వామి జుట్టుకి మాత్రం కత్తెర తగలనీయకు" అంది నాయనమ్మ. సాయిబు నెమ్మదిగా, మంగలి కంటే జాగ్రత్తగా కత్తిరించాడు.

దేవుడి గూట్లో దండాల స్వామి మధ్యలో కూర్చున్నాడు, కాదు, నిలబడ్డాడు. అప్పటిదాకా మధ్యలో ఉన్న పటాలు పక్కకు జరిగాయి. నైవేద్యం దగ్గర కూడా తేడా ఉండేది. మిగతా వాళ్ళకు ఒక చెంచా పాయసం అయితే, ఈయనకు గిన్నెడు. "అదేంది నాయనమ్మా?" అంటే, "ఆ ఒళ్ళు చూడవే. చెంచాడు ఏ మూలకి?" అనేది. ఎండాకాలం అయితే ఒంటికాలి మీద అంతసేపు నిలబడితే దాహమేస్తుందని పక్కన మజ్జిగ గ్లాసు కూడా పెట్టేది. ఆ మజ్జిగ తర్వాత మాకే. తప్పిపోయిన గేదె తిరిగొచ్చినా, కల్లంలో మిరపకాయలుండగా పట్టిన మబ్బు తేలిపోయినా, బాబాయి దండయాత్రలు చేసి చేసి పదో తరగతి గట్టెక్కినా, అంతా దండాల స్వామి చలవే. మా తమ్ముడు పసివాడుగా ఉన్నప్పుడు జ్వరంతో కళ్ళు తేలేస్తే, మా అమ్మా నాన్నా వాణ్ణి నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా నాయనమ్మ ఆ గూటి ముందే ఒంటికాలి మీద నిలబడింది. ముసలి కాలు వణుకుతుంటే గోడ పట్టుకునేది గాని రెండో కాలు దించేది కాదు. వాడు నవ్వుతూ తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ పటాన్ని కాదనే నోరు లేకుండా పోయింది.

అట్లాంటి సమయంలో సర్పంచి ఎన్నికలొచ్చాయి. తాతయ్య నిలబడ్డాడు. కోటయ్యగారు నిలబడకుండా ఎట్లా ఉంటాడు? మా ఊళ్ళో ఆ రెండిళ్ళ మగవాళ్ళూ ఎదురుపడితే ఎవరి గేదెలనో పలకరించినట్టు పక్కకు చూసి దగ్గేవాళ్ళు. ఆడవాళ్ళకు మాత్రం అవేమీ పట్టవు. కోటయ్యగారి భార్య రంగమ్మగారు శ్రావణ శుక్రవారం పేరంటానికి మా ఇంటికొచ్చింది. శనగలు కొంగులో పోయించుకుంటూ గూటి వైపు చూసి, "భోషాణం దులిపేటప్పుడు ఒకసారి చూశా, ఈయన మా ఇంట్లో కూడా ఉన్నాడక్కా, పెట్టెలో" అంది. "పెట్టెలోనా? పాపం, గాలాడక ఎట్టా ఉన్నాడో" అంది నాయనమ్మ. రంగమ్మగారు మనసులో ఏ కల్మషమూ లేకుండా ఇంటికి పోయి, ఆ మాట మొగుడితో చెప్పింది. కోటయ్యగారు భోషాణం తెరిచాడు.

మర్నాడు పొద్దున మా బాబాయి చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని టీకొట్టు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు. "నాన్నా, కొంప మునిగింది. ఆ కోటయ్య బాబాయి టీకొట్టు కాడ కూర్చుని, రాక్షసుడికి కొబ్బరికాయలు కొట్టే ఇంటోళ్ళకి ఓట్లేస్తారంటయ్యా అని అడుగుతున్నాడు. మన దండాల స్వామి దేవుడు కాదంట. రాక్షసుడంట. వాళ్ళ పుస్తకంలో రాసుందంట."

తాతయ్య మొహం నల్లబడింది. తిన్నగా దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి, పటాన్ని తేరిపార చూసి, "మీసాలు చూసినప్పుడే నాకు అనుమానంగా ఉంది" అన్నాడు. ఆయనకు ఇంటి నిండా మీసాలున్న కొడుకులున్నారు, ఆయనకూ ఉన్నాయి. "ఏమే, ఆ పటం దింపు. ఓట్లయ్యేదాకా అటక మీద పెట్టు. గెలిచినాక మళ్ళీ పెట్టుకుందువుగాని" అన్నాడు.

"నేను దింపను."

"అది రాక్షసుడే పిచ్చిదానా!"

"నీకెట్టా తెలుసు? చూశావా? ఇన్నేళ్ళు ఆ పుస్తకం ముందేసుకుని మా అందరికీ కథలు చెప్పింది నువ్వేగా. అప్పుడు తెలియంది ఇప్పుడు కోటయ్య చెబితే తెలిసిందా?"

తాతయ్య బయటికి పోయి చుట్ట వెలిగించుకున్నాడు. బాబాయి గుండీలు సరిచేసుకున్నాడు.

సాయంత్రం దీపం పెట్టే వేళ నాయనమ్మ ఆ గూటి ముందు చాలాసేపు కూర్చుంది. అన్నం తినలేదు. నన్ను పిలిచి, "అమ్మాయ్, నువ్వు చదువుకుంటన్నావుగా. ఈయన మొహం చూసి చెప్పు. నీకేమన్నా రాక్షసుడిలాగా కనపడతన్నాడా?" అంది. నేను చూశాను. నాకు ఎప్పటిలాగే కనపడ్డాడు. ఆ మాటే చెప్పాను. "అదేనే నేను అనేది" అంది. మళ్ళీ, నాతో కాదు, తనలో తాను అన్నట్టు, "మరి పిల్లోణ్ణి ఎవరు బతికించినట్టు?" అంది. ఊళ్ళో అందరికీ అది ఓట్ల గొడవ. తాతయ్యకు పరువు. నాయనమ్మకు మాత్రం అదొక్కటే ప్రశ్న.

తెల్లవారి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. తాతయ్య అరుగు మీంచి, "ఎక్కడికే?" అంటే, "కోటయ్య ఇంటికి. ఆయనేదో చదివాడంటగా, నేను కూడా చదివించుకుంటా" అంది. వీధిలో మమ్మల్ని చూసినవాళ్ళు చూసినట్టే వెనక నడవటం మొదలుపెట్టారు. మేం అక్కడికి చేరేసరికి వాళ్ళ అరుగు నిండిపోయింది.

కోటయ్యగారు ఆవిడ వస్తుందని అనుకోలేదు. అయినా గెలిచినవాడి ఠీవితో లేచి, "రా వదినా, కూర్చో" అన్నాడు. "కూర్చోటానికి రాలేదు అబ్బాయ్. ఆ పుస్తకం తియ్యి" అంది నాయనమ్మ. పట్టుబట్ట మూట వచ్చింది. విప్పారు. నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను. మా పుస్తకమే, కానీ పెళ్ళికూతురైనట్టుంది. బంగారు అక్షరాల అట్ట, మాసిపోని రంగులు. అప్పటిదాకా నేను బూడిదరంగనుకున్న సముద్రం నీలంగా ఉంది. కోటయ్యగారు పేజీ వెతికి పెట్టాడు. పల్చని కాగితం తీయగానే దండాల స్వామి. ఆయన పైన, సాయిబు కత్తిరించిన మబ్బుల్లో, మాకు ఎన్నడూ కనపడని బ్రహ్మదేవుడు, నాలుగు తలలతో, హంస మీద కూర్చుని, చెయ్యి చాపుతూ ఉన్నాడు. మా స్వామి దండం పెడుతున్నది మాకు కాదు. పైనున్న ఆయనకు.

"చదువమ్మాయ్, అందరికీ వినపడేట్టు చదువు" అన్నాడు కోటయ్యగారు. నాయనమ్మ కూడా తలూపింది. ఆ పాత అచ్చు నాకు కొరుకుడు పడక, కూడబలుక్కుంటూ చదివాను. "వరము గోరి ఘోరతపమొనర్చు దైత్యరాజు."

"దైత్యుడంటే?" అంది నాయనమ్మ.

"రాక్షసుడే వదినా. విన్నావుగా. నేను చెబితే కక్షగట్టి చెప్పాననుకుంటారు. మీ మనవరాలే చదివింది" అన్నాడు కోటయ్యగారు, అరుగు వైపు తిరిగి.

నాయనమ్మ ఆ బొమ్మ మీదికి వంగి చాలాసేపు చూసింది. చివరికి, "పైనున్న ఆయన వరం ఇచ్చేశాడా, ఇంకా ఇయ్యలేదా?" అంది.

కోటయ్యగారు తడుముకున్నాడు. "ఇందులో అయితే ఇంకా ఇయ్యలేదు. ఇయ్యబోతన్నాడు."

"రాక్షసుడు ఈ లోకాల్ని పీడించింది వరం రాకముందా, వచ్చినాకా?"

"వచ్చినాకే గదా. వరం చూసుకునేగా ఆ గర్వమంతా."

"అయితే ఇక్కడ నిలబడ్డప్పుడు ఈయన ఎవురికీ ఏ అన్యాయం చెయ్యలేదు. ఎండనకా వాననకా ఒంటికాలి మీద నిలబడి దేవుణ్ణి పిలుచుకుంటన్నాడు. నేను ఇన్నాళ్ళూ దండం పెట్టింది ఈయనకి. తర్వాతోడికి కాదు" అని, నాయనమ్మ నడుము నిటారు చేసుకుని కోటయ్యగారి వైపు తిరిగింది. "వరం రాకముందు అందరూ మంచోళ్ళే అబ్బాయ్. నువ్వూ ఊరందరికీ చేతులు జోడిచ్చుకుంటా తిరగతన్నావు, మా ఆయనా తిరగతన్నాడు. ఎవురు రాక్షసుడో, ఓట్లయినాక గదా తెలిసేది."

మొదట నవ్వింది రంగమ్మగారు. తలుపు చాటున, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక. ఆ వెంటనే అరుగంతా నవ్వింది. కోటయ్యగారు పుస్తకం మూయబోయి, పట్టుబట్ట దొరక్క, తన కండువానే దానికి చుట్టేశాడు. నాయనమ్మ నవ్వలేదు. తిరిగొస్తూ దారిలో నాతో, "మన పిల్లోణ్ణి ఈ దండం పెట్టేవాడే బతికించాడులే. పైనున్నాయన మన ఇంట్లో కనపళ్ళేదంతే. నా దండం ఈయన దండంలో కలిసి పైకి పోయింది" అంది. ఇంటికి రాగానే రాత్రి మిగిలిన చద్దన్నం పెరుగేసుకుని కడుపు నిండా తింది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరు ఓటడగటానికి వచ్చినా, "ఇయ్యాల మంచోడివే, వరమొచ్చినాక ఎట్టా ఉంటావో చెప్పు" అనటం మొదలుపెట్టారు. అది రెండు వైపులా తగిలింది. మా తాతయ్యకు కొంచెం తక్కువగా, కోటయ్యగారికి కొంచెం ఎక్కువగా తగిలింది. తాతయ్య స్వల్ప తేడాతో గెలిచాడు. వాగు మీద చప్టా వేయిస్తానన్నాను గనక గెలిచానని ఆయన చివరిదాకా అన్నాడు. ఎవరూ కాదనలేదు, నమ్మనూ లేదు. రంగమ్మగారు మాత్రం ఓడిపోయిన కోపంలో ఉన్న మొగుడికి తెలియకుండా మస్తాన్ సాయిబును ఇంటికే పిలిపించి, ఆ పేజీ తీయించి పటం కట్టించుకుంది. బ్రహ్మదేవుడితో సహా, పెద్ద అద్దం తెప్పించి మరీ. నాయనమ్మ చూసొచ్చి, "బాగుంది గాని, ఇచ్చేవాడు మరీ దగ్గరికొచ్చేశాడు. చూస్తంటే నాకు భయంగా ఉంది" అంది.

తాతయ్య సర్పంచిగిరీ గురించి ఊళ్ళో ఇప్పటికీ మంచిమాటే చెబుతారు. ఆయన రోజుల్లోనే ఊరికి మొదటి చేతి పంపు వచ్చింది. దానికోసం మా ఇంటి ముందు గుంట తవ్వటం నాకు గుర్తుంది. తర్వాత ఎందుకో ఆ గుంట పూడ్చేసి, ఊరి చివర, నీళ్ళకోసం వాగుదాకా నడిచే వాళ్ళ వీధిలో పంపు వేయించారు. పిల్లలం చాలా ఏడ్చాం.

పంచెల ఫంక్షన్‌లో కోటయ్యగారి మనవడు శీను నన్ను లోపలికి తీసుకెళ్ళి ఆ పుస్తకం చూపించాడు. ఒక్క పేజీ తప్ప అంతా భద్రంగా ఉంది. చుట్టూ పిల్లలు చేరారు. ఒకడు యుద్ధం బొమ్మను ఫోన్‌తో ఫోటో తీసి, ఏదో నొక్కితే, గుర్రాలు నిజంగానే పరిగెత్తాయి, వీరుడు కళ్ళు ఆర్పాడు. అందరూ ఆహా అనుకుని, వెంటనే ఇంకేదో చూడటంలో పడిపోయారు. వాళ్ళను తప్పుపట్టను. మేం ఆ గుర్రం కాళ్ళు ఎన్నో తేల్చుకోలేక వేసవి వేసవే గడిపామంటే, మాకు ఇంకేమీ లేకే. కాకపోతే కదలని బొమ్మ కాబట్టి దాన్ని మేమే కదిలించుకోవాల్సి వచ్చేది. ఎవరి పేరూ రాసిలేదు కాబట్టి మేమే పేర్లు పెట్టుకోవాల్సి వచ్చేది. తప్పు పేర్లు పెట్టాం, తప్పు కథలు చెప్పుకున్నాం. ఇప్పుడు వేలు తగిలిస్తే ఏ బొమ్మ ఎవరిదో క్షణంలో తెలుస్తుంది. మంచిదే. మా ఇంటి పటం ఇప్పుడు నరసరావుపేటలో మా తమ్ముడి దగ్గరుంది. వచ్చినవాళ్ళు ఈ దేవుడెవరండీ అంటే, మా ఇంటి దేవుడండీ అంటాడు, అంతకు మించి చెప్పడు.

నాయనమ్మ పోయిన తర్వాత ఒక వేసవిలో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తాతయ్యను చూడటానికి వెళ్ళాను. పదవి వదిలేసి అప్పటికి చాలా ఏళ్ళయింది. వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. పక్కన కూర్చుని నేనూ ఒలుస్తూ, మాటల్లో అడిగాను, "తాతయ్యా, సర్పంచిగా ఉన్నప్పుడు నీకు ఎప్పుడూ తప్పు చేయాలనిపించలేదా?"

ఆయన చేతులు ఆగలేదు. "ఎందుకనిపించలేదూ? చానాసార్లు అనిపించింది. ఆ పంపు మన గుమ్మం ముందే పడాలని మనుషుల్ని పెట్టి తవ్వించింది నేనేగా."

"మరి ఎందుకు పూడ్పించావు?"

తాతయ్య కాయ పగలగొట్టి, గింజలు నా అరచేతిలో పోశాడు. "మూడుపూటలా అన్నం మీ నాయనమ్మ చేతిదేగా తినాల్సింది" అన్నాడు.